కొంగ కుర్చీలో నల్లసీల

కొంగ కుర్చీ గురించి సావ్ పావులో పత్రిక ఒకటి నాలుగు పేజీలు రాసింది. అందులో ఒరొజింబో మేస్త్రి పేరు ఒక్కచోటే ఉంది, అదీ తప్పు అచ్చయింది. పైగా "స్థానిక పనివాడు" అన్నారు. నలభై ఎనిమిదేళ్లుగా ఉలి పట్టిన మనిషిని పట్టుకుని అంత మాట అంటే మా ఊరంతటికీ ఒళ్లు మండింది. ఆయన మాత్రం ఆ పత్రికను విప్పి పాలిష్ డబ్బాల కింద పరిచాడు. "కాయితం మందంగా ఉంది, మరకలు కిందికి దిగవు," అన్నాడు.

ఆయన తీరే అంత. కాఫీ తోటల్లో కూలికి వెళ్లే ఇంట్లో ఆరోవాడిగా పుట్టాడు. పదహారో ఏట తెర్తులియానో దగ్గర పనికి కుదిరాడు. తెర్తులియానో అంటే మా కాపెలా వెల్యాకే కాదు, ఈ మినాస్ కొండల్లో చుట్టుపక్కల పది ఊళ్లకీ కుర్చీల మేస్త్రి. కోపమొస్తే అరిచే రకం కాదు. పని నచ్చకపోతే ఆ కుర్చీని మోసుకెళ్లి వానలో పెట్టేవాడు. రెండు రోజులకు అతుకుల్లో దూర్చిన కుసులు ఉబ్బి, కాళ్లు తలోదిక్కూ చూస్తుంటే, "చూశావా" అని కూడా అనేవాడు కాదు. అలా ఓ పన్నెండు కుర్చీలు వానపాలయ్యాక ఒరొజింబోకు పని పట్టుబడింది.

పనితోపాటు ఇంకొకటి కూడా అబ్బింది. ప్రతి కుర్చీకీ వెనక కుడికాలు చట్రంలోకి దిగేచోట తెర్తులియానో ఒక చిన్న సీల కొట్టేవాడు. మిగతా సీలలన్నీ తెల్లకర్రవే, అదొక్కటి మాత్రం నల్లది, జకరందా అనే పాతకాలపు గట్టి కర్రది. జిగురు రాయకుండా పొడిగా దిగగొట్టి, పైన ఇంత మైనం రుద్దేవాడు. వేలితో తడిమితే తప్ప తెలిసేది కాదు. ఏదో పాత మంచం తలవైపు చెక్కనొకదాన్ని గోనెసంచిలో చుట్టి అటకమీద పెట్టుకున్నాడు, కావలసినప్పుడల్లా అందులోంచి ఓ పుల్ల చీల్చుకునేవాడు. ఎందుకని ఒరొజింబో అడగలేదు. తెర్తులియానోను ఎందుకని అడిగే ధైర్యం మా ఊళ్లో ఎవరికీ లేదు. ఇరవై రెండేళ్ల కిందట, పోవడానికి వారం ముందు, ఆయన ఆ గోనెసంచి తెప్పించి ఒరొజింబో ఒళ్లో పెట్టించాడు. "నీ చేతి కుర్చీ ఏదీ ఇది లేకుండా పరాయి ఇంటికి పోకూడదు. మాటివ్వు," అన్నాడు. ఒరొజింబో చేతిలో చెయ్యేసి మాటిచ్చాడు.

తర్వాత చెడ్డకాలం వచ్చింది. ప్లాస్టిక్ కుర్చీలు లారీల్లో దిగాయి. కొయ్య కుర్చీ కావాలన్నవాడు పిచ్చివాడికింద లెక్క. మేస్త్రి కోళ్లగూళ్లు చేశాడు, శవపేటికలు చేశాడు, చర్చి బెంచీలకు కాళ్లు అతికాడు. ఏడాదికి నాలుగు కుర్చీలు వస్తే నాలుగింటికీ నల్లసీల పడింది. శవపేటికలకు మాత్రం పెట్టేవాడు కాదు, ఆ మాట కుర్చీలకే ఇచ్చాడు కదా.

అలాంటప్పుడు బెలో ఒరిజొంతె నుంచి లుద్మీలా వచ్చింది. అప్పటికి ఆమెకు ముప్పై ఒకటో ముప్పై రెండో. చంకలో చుట్టచుట్టిన కాగితాలు, కాళ్లకు బురద. ఆ కాగితం మీద గీసిన కుర్చీని చూసి మేస్త్రి చాలాసేపు గడ్డం గోక్కున్నాడు.

"ఈ కాళ్లమీద కొంగ నిలబడుతుంది గానీ మనిషి కూర్చోలేడమ్మాయ్," అన్నాడు.

"అయితే దీనిపేరు కొంగే పెడదాం మేస్త్రీ. మనిషి కూర్చునేలా చెయ్యడం మీ పని," అంది ఆమె.

అలా మొదలైంది. రెండేళ్లు పట్టింది, పదకొండు కుర్చీలు విరిగాయి. పదకొండోది విరిగినప్పుడు కింద పడ్డది లుద్మీలాయే, నడుం పట్టేసి వారం రోజులు వంగి నడిచింది. పన్నెండోది నిలబడింది. సన్నటి కాళ్లు, పేము అల్లిన వీపు, మొత్తం ఫ్రెయిజో అనే లేతరంగు కర్ర. దానికి తోడుగా ఒక నిలువు దీపం కూడా చేశారు. మేస్త్రి చిత్రికపట్టి తీసిన ఉల్లిపొరలాంటి చెక్కను గుండ్రంగా చుట్టి లోపల బల్బు పెడితే, గదంతా సాయంత్రపు రంగు పరుచుకునేది. సావ్ పావులోలో రెండూ బాగా పోయాయి. ప్రతిదానికీ వెనక ఇత్తడి బిళ్లమీద లుద్మీలా పేరుండేది. బారులో కూర్చున్న ముసలివాళ్లు మేస్త్రిని ఆటపట్టించేవారు.

"ఏం మేస్త్రీ, చెమట నీది, పేరు ఆవిడదీనా?"

"నాది లోపలుందిలే," అనేవాడు. ఏదో వేదాంతం చెబుతున్నాడనుకుని వాళ్లు నవ్వేవారు.

బయటి దేశాలకు పంపాలన్నది లుద్మీలా పంతం. "అక్కడ మన కుర్చీలకు గిరాకీ లేక కాదు మేస్త్రీ. చచ్చిపోయినవాళ్ల కుర్చీలకే గిరాకీ. మా తాత కాలంవి వేలంపాటలో కొనుక్కుంటారు. బతికున్నవాళ్లం ఇంకా చేస్తున్నామన్న సంగతి ఒక్కడికీ తెలీదు," అనేది. ఆరేళ్లు ఉత్తరాలు రాసింది, బొమ్మలు పంపింది, ఎవరెవరికో కాఫీలు పోయించింది. చివరికి మిలాన్‌లోని ఒక దుకాణదారు ఒప్పుకున్నాడు. నలభై ఆరు కుర్చీలు, ఇరవై దీపాలు. ఏప్రిల్‌లో అక్కడ జరిగే పెద్ద ప్రదర్శనలో పెట్టి, ఆ తర్వాత నాలుగు దేశాల దుకాణాలకు పంచుతాడు. కార్నివాల్ ముందు గురువారంనాడు లారీ బయల్దేరి రియో రేవు చేరాలి. ఆ రోజు దాటితే దేశమంతా వారం రోజులు చిందులేస్తుంది, రేవులో పలికేవాడుండడు, ఓడ వెళ్లిపోతుంది.

ఆ గురువారానికి ఆరు రోజుల ముందు, ఎగుమతి కాగితాలు చూసే వాండెర్లేయ్ రియో నుంచి వచ్చాడు. లావుపాటి మనిషి, మంచివాడు, తినడం తెలిసినవాడు. పని బల్లమీదే కాఫీ, వేడి చీజ్ రొట్టెలు పెట్టారు. ఒక చేత్తో తింటూ ఇంకో చేత్తో రాసుకుంటున్నాడు.

"కర్ర ఏంటన్నారు? ఫ్రెయిజో. వీపు పేము. బిళ్ల ఇత్తడి. ఇంకో కర్ర ఏదీ లేదుగా?"

"ఒక్క పుల్ల కూడా లేదు," అంది లుద్మీలా.

"అమ్మయ్య. ఎందుకడిగానంటే, పోయినేడు ఒక గిటార్లాయన సరుకు పంపాడు. తీగెల కింద పెట్టే ఇంత ముక్క జకరందాది. ఏడు నెలలు సరుకంతా అవతలి రేవులోనే ఆపేశారు. జరిమానా సరేసరి, ఇక్కడి ఎగుమతి అనుమతి కూడా పోయింది. పాత మంచం చెక్కండీ మా తాతదీ అని ఎంత మొత్తుకున్నా వినలేదు. పాతదైనా కొత్తదైనా దానికి వేరే కాయితం ఉండాలి. ఆ కాయితం రావడానికి ఏడాది పడుతుంది. ఇదిగో, ఇక్కడ సంతకం పెట్టండి."

లుద్మీలా సంతకం పెట్టింది. మేస్త్రి నోట్లో కాఫీ అటూ ఇటూ కాకుండా ఉండిపోయింది.

అడవుల్లో అరుదైపోయిన జకరందా చెట్టు కొడితే నేరమని మినాస్‌లో పసిపిల్లకు కూడా తెలుసు. మేస్త్రికీ తెలుసు. కానీ ఆయన దృష్టిలో ఆ చట్టం అడవిలో నిలబడ్డ చెట్టుకు సంబంధించినది. మంచం చెట్టెందుకవుతుంది? మావాళ్లెవరైనా అలాగే అనుకుంటారు. మా ఇళ్లలో సగం తలుపులు జకరందావే, వాటిని వేసేటప్పుడు తీసేటప్పుడు ఎవరూ పోలీసుల్ని తలుచుకోరు.

మూడు రోజులు ఆయన మింగలేక కక్కలేక తిరిగాడు. నోరెత్తకపోతే ఎవరికీ తెలియదు. గోరంత సీల, చట్రం లోపల, మైనం కింద. మిలాన్‌లో ఎవడు చూడొచ్చాడు? మాట నిలబడుతుంది, గురువు ఆత్మ శాంతిస్తుంది, తన గుర్తు కూడా సముద్రం దాటుతుంది. కానీ ఆ అమ్మాయి పెట్టిన సంతకం కళ్లముందు కదులుతూనే ఉంది. రాసేటప్పుడు నాలుక బయటపెట్టి, బడిపిల్లలా శ్రద్ధగా రాసింది.

సోమవారం ఉదయం లుద్మీలా ప్యాకింగ్ కొట్టంలో పెట్టెల లెక్క చూసుకుంటుంటే వెళ్లి నిలబడ్డాడు. వాన ఎక్కువగా ఉందన్నాడు. ఈ ఏడు జామకాయలకు పురుగు పడుతుందన్నాడు. మళ్లీ వాన దగ్గరికొచ్చాడు.

"మేస్త్రీ, మూడోసారి వాన సంగతి చెబుతున్నారు. ఏమైందో చెప్పండి," అంది ఆమె.

ఆయన ఒక కుర్చీని దుప్పటిమీద పడుకోబెట్టి, మైనాన్ని గోటితో గీకి చూపించాడు. చెప్పవలసింది నాలుగు మాటల్లో చెప్పాడు.

"ఎన్నిటికి?"

"అన్నిటికీ."

లుద్మీలా లెక్క కాగితం పక్కన పెట్టింది. "మీరు చెప్పకముందు నేను నిజం మీద సంతకం పెట్టాను. ఇప్పుడు అదే సంతకం అబద్ధమైపోయింది. నోరు మూసుకుని ఉండొచ్చుగా మేస్త్రీ."

"మూడు రోజులు ఉన్నాను. నీ సంతకం చాటున నా సీల దాక్కుని పోవడం బాగాలేదనిపించింది."

"తొమ్మిదేళ్లలో ఒక్కరోజు నాకు చెప్పాలనిపించలేదా? బొమ్మలో లేనిదాన్ని నా కుర్చీలో ఎలా పెట్టారు?"

"నీ కుర్చీయా?" అన్నాడు మేస్త్రి. తొమ్మిదేళ్లలో ఆయన గొంతు అలా వినపడటం అదే మొదలు. "కాళ్లు నువ్వు గీశావు. నిలబెట్టింది నేను."

ఆమె అరుగుమీదికి వెళ్లి వానకు ఎదురుగా నిలబడింది. మేస్త్రి లోపలే ఉన్నాడు. అన్న మాట వెనక్కి తీసుకోవాలని లేదు, అలాగని హాయిగానూ లేదు. కాసేపటికి ఆమె తిరిగొచ్చింది.

"తీస్తే కాలు విరుగుతుందా?"

"జిగురు లేదు. లోపలినుంచి కొడితే వస్తుంది."

"అయితే తీసేద్దాం."

"చచ్చిపోయిన మనిషికి మాటిచ్చానమ్మాయ్."

"నేను బతికున్నవాళ్లకి ఇచ్చాను మేస్త్రీ," అంది ఆమె. గొంతులో కోపం లేదు, అలసట ఉంది. "ఎవరి మాట పోవాలో మీరే చెప్పండి. మీరేమంటే అదే చేద్దాం. లారీ వద్దంటే లారీ ఆపేద్దాం."

ఇదన్యాయం అనిపించింది మేస్త్రికి. అరిచి ఉంటే, పొమ్మని ఉంటే తేలికయ్యేది. ఆరేళ్ల ఉత్తరాల కష్టాన్ని తెచ్చి ఆయన చేతిలో పెట్టి పక్కన నిలబడింది. గురువు మొహం తలుచుకున్నాడు. గోడకున్న, సీలలు పొడిచి తోసే ఇనప పుల్ల తీసుకుని సుత్తి కోసం చెయ్యి చాపాడు. సుత్తి అందించింది లుద్మీలాయే.

రెండు రోజులు పట్టింది. మేకులు కొట్టిన పెట్టెల్ని ఆమె విప్పేది, కుర్చీని దుప్పటిమీద పడుకోబెట్టి కాళ్లు పట్టుకునేది. మేస్త్రి రెండు దెబ్బలు వేసేవాడు. నల్లసీల జారి కిందపడేది. ఆ బెజ్జంలో ఫ్రెయిజో సీల దించి, మైనం రుద్ది, పక్కన పెట్టేవాడు. పీకిన వాటిని కాఫీ డబ్బాలో వేసేవాడు. మొదటిరోజు ఇద్దరూ మాట్లాడుకోలేదు. రెండోరోజు ఆమె జామపండు హల్వా, చీజ్ ముక్కలు తెచ్చి బల్లమీద పెట్టి, "మీ గురువుగారు ఎలా ఉండేవారు?" అని అడిగింది. మేస్త్రి వానలో పెట్టిన కుర్చీల సంగతి చెప్పాడు. ఆమె నవ్వాపుకోలేక దుప్పటిమీద కూలబడింది.

నలభై ఆరూ అయ్యాక మేస్త్రి ఒక కుర్చీలో కూర్చుని ఇటూ అటూ ఊగి చూశాడు. కిర్రుమనలేదు. ఆ నల్లసీల లేకపోతే కుర్చీ బలహీనపడుతుందని లోలోపల ఎక్కడో నమ్మకం ఉండేది, అదీ పోయింది. ఆయనకు దుఃఖం వచ్చింది. ఇంతకాలం కుర్చీకి అక్కర్లేని దాన్ని కుర్చీలో పెట్టానా అనుకున్నాడు.

గురువారం మధ్యాహ్నం లారీ కదిలింది. వీధివీధంతా వాకిళ్లలో నిలబడింది. లుద్మీలా డ్రైవరు పక్కనెక్కి, రేవుదాకా తానే వెళతానంది. రొట్టెల కొట్టాయన, "మేస్త్రీ, నీ కొంగలు సముద్రం దాటుతుంటే ఆ మొహమేంటి, ముసురు పట్టినట్టు?" అన్నాడు. మేస్త్రి ఏదో గొణిగి, కాఫీ డబ్బా చంకన పెట్టుకుని తెర్తులియానో భార్య కితేరియమ్మ ఇంటికి నడిచాడు. మాటిచ్చింది ఆయనకు, తప్పానని చెప్పుకోవడానికి మిగిలింది ఆమె ఒక్కతే.

కితేరియమ్మకు ఎనభై ఎనిమిదేళ్లు. కట్టెలపొయ్యి దగ్గర కూర్చుని చిక్కుళ్లు ఒలుస్తోంది. చూపు తగ్గింది గానీ నోరు తగ్గలేదు.

"ఎవరు పోయార్రా?" అంది అతని అడుగుల చప్పుడు విని.

"ఎవరూ పోలేదమ్మా."

"మరి ఆ నడకేంటి, శవప్పెట్టె మోస్తున్నట్టు."

మేస్త్రి నిలబడే చెప్పాడు. గోనెసంచి, మాట, నలభై ఎనిమిదేళ్ల సీలలు, సంతకం, పీకేయడం. చెప్పి డబ్బా ఆమె ముందు పెట్టాడు. ఆమె చేత్తో తడిమి ఒక సీల తీసింది. వేళ్లమధ్య తిప్పింది. ముక్కు దగ్గర పెట్టుకుంది.

"ఇది నా మంచంరా," అంది.

మేస్త్రికి అర్థం కాలేదు.

"మా అమ్మ నా పెళ్లికి ఇచ్చింది. నా పెద్దోడు అమాన్సియో దానిమీదే పోయాడు. జ్వరం. నాలుగేళ్లు వాడికి. వాడిని మట్టిలో పెట్టొచ్చిన రోజే, ఆ మంచం నరికి పొయ్యిలో పెట్టమన్నాను మీ మేస్త్రిని. నేను చూడలేకపోయాను. మర్నాటికి మంచం లేదు. సంతలో అమ్మేశానన్నాడు. నమ్మాను." ఆమె చెయ్యి డబ్బాలో సీలల్ని కెలుకుతూనే ఉంది. "అరవై మూడేళ్లు. ఈ ఊళ్లో నేను ఎవరింటికెళ్లినా కుర్చీ వేశారు. పెళ్లిళ్లకెళ్లాను, చావులకెళ్లాను, కబుర్లకెళ్లాను. ప్రతిచోటా నా బిడ్డ మంచంమీదే కూర్చున్నానన్నమాట. మీరిద్దరూ ఒకడి తర్వాత ఒకడు సీలలు కొట్టుకుంటూ పోయారు గానీ, నన్నొక్కమాట అడగలేదు."

మేస్త్రి తల వంచుకున్నాడు.

"ఇందులోనూ ఉందా?" అంది ఆమె, తను కూర్చున్న కుర్చీని అరచేత్తో కొట్టి. "లేపరా నన్ను. చూడు."

ఆమెను లేపి గోడవారగా నిలబెట్టాడు. తెర్తులియానో చేతి కుర్చీ. తిప్పి, వెనక కుడికాలి దగ్గర తడిమాడు. తెల్లసీల. మిగతా మూడూ తెల్లవే. బల్లచుట్టూ ఉన్న ఐదు కుర్చీల్నీ ఒక్కొక్కటే తిరగేశాడు. తర్వాత పడగ్గదిలోకి వెళ్లి కిటికీ దగ్గరున్నదీ, పెరట్లో కోళ్లు ఎక్కి కూర్చునేదీ చూసి వచ్చాడు. ఎక్కడా నల్లచుక్క లేదు.

"లేదమ్మా," అన్నాడు. "ఈ ఇంట్లో ఒక్కదానికీ లేదు."

"సరిగ్గా చూశావా?"

"వేలు పెట్టి చూశాను. అన్నీ ఆయన చేసినవే. మీ వాటికి మాత్రం పెట్టలేదు."

కితేరియమ్మ గోడ పట్టుకుని అలాగే నిలబడింది. మేస్త్రి కుర్చీని సరిగా నిలబెడితే, దాని వీపుమీద చెయ్యేసి నెమ్మదిగా కూర్చుంది. కళ్లు తుడుచుకోలేదు, కారనిచ్చింది.

"తగలెయ్యడం ఆ మనిషికి చేతకాలేదు," అంది. "కర్రంటే ప్రాణం. వాడంటేనూ ప్రాణమే. ఎక్కడ పెట్టుకుంటాడు పాపం."

డబ్బా ఒళ్లోకి తీసుకుంది. పొయ్యి తలుపు తెరవమంది. మేస్త్రి తెరిచాడు. గుప్పెడు గుప్పెడుగా తనే వేసింది. జకరందా త్వరగా అంటుకోదు, ముందు నూనె కక్కుతుంది. వంటింటినిండా తియ్యటి వాసన పరుచుకుంది. డబ్బా ఖాళీ అయ్యాక ఆమె దాన్ని తలకిందులు చేసి అడుగు తట్టింది.

"ఆ గోనెసంచిలో ఇంకా ఉందా?"

"ఒక జానెడు చెక్క ఉందమ్మా."

"వెళ్లి పట్టుకురా," అంది. "మీ మేస్త్రిలా ముక్కముక్కలుగా కాదు. అంతా ఒకేసారి తీసుకురా."